ఆటోఇమ్యూన్ హెపటైటిస్: గుర్తింపు, చికిత్స, దీర్ఘకాలపు కాపుదల

శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత కాలేయ కణాలనే పరాయివిగా ఎంచి, నెలల తరబడి, ఏళ్ల తరబడి వాటిని నాశనం చేస్తూ పోయే వ్యాధి ఆటోఇమ్యూన్ హెపటైటిస్. ఇది అంటువ్యాధి కాదు. తాగుడు వల్ల వచ్చేది కాదు. నీళ్ల వల్లా, తిండి వల్లా రాదు. చికిత్స లేకుండా వదిలేస్తే కాలేయం మచ్చలు పడి, గట్టిపడి, సిర్రోసిస్‌కు చేరుతుంది. సకాలంలో మందు పడితే ఎక్కువమంది దాదాపు మామూలు ఆయుష్షుతో బతుకుతారు. ఈ రెండింటి నడుమ ఇంత దూరం ఉన్న దీర్ఘకాలిక కాలేయ వ్యాధులు తక్కువ. అందుకే దీన్ని సరిగా గుర్తించడమూ, గుర్తించాక విడవకుండా నడిపించుకోవడమూ రెండూ ముఖ్యమే. రెండోదే కష్టం.

ఈ వ్యాధి వైద్యుల కంటపడి ముప్పావు శతాబ్దమైంది. 1950లో స్వీడన్ వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రామ్ కొందరు యువతుల్లో ఒక విచిత్రమైన కాలేయ వాపును వర్ణించాడు. వారి రక్తంలో గామా గ్లోబులిన్లు విపరీతంగా పెరిగాయి, నెలసరి ఆగిపోయింది, కామెర్లు తగ్గుతూ తిరగబెడుతూ వచ్చాయి. అమెరికాలో హెన్రీ కుంకెల్ దాదాపు అదే కాలంలో అలాంటి రోగులనే గమనించాడు. లూపస్ రోగుల రక్తంలో కనిపించే ప్రత్యేక కణాలు ఈ కాలేయ రోగుల్లోనూ కొందరికి ఉన్నాయని తేలడంతో, 1956లో మెల్‌బోర్న్‌లో ఇయన్ మెకే బృందం దీనికి లూపాయిడ్ హెపటైటిస్ అని పేరు పెట్టింది. ఆ పేరు తప్పుదారి పట్టించేదే. లూపస్ వేరు, ఇది వేరు. 1965లో మెకే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అన్న పేరును ముందుకు తెచ్చాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో జాన్సన్, హోల్‌బరో, గ్లిన్ ఈ రోగుల రక్తంలో నునుపు కండరాలకు అతుక్కునే యాంటీబాడీని కనుగొన్నారు. స్మూత్ మజిల్ యాంటీబాడీ అన్న పేరుతో నేటికీ ప్రయోగశాలలు వెతుకుతున్నది దాన్నే.

చికిత్సకు పునాది 1970ల తొలినాళ్లలో పడింది. లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో షీలా షెర్లాక్ బృందం 49 మంది రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చింది, రెండో గుంపుకు ఇవ్వలేదు. 1971లో ఫలితాలు వెలువడ్డాయి. మందు పుచ్చుకున్న 22 మందిలో చనిపోయినవారు ముగ్గురు, పుచ్చుకోని 27 మందిలో 15 మంది. మరుసటి ఏడాది అమెరికాలోని మేయో క్లినిక్ అధ్యయనం మరో సంగతి చెప్పింది: ప్రెడ్నిసొలోన్ కోవకే చెందిన ప్రెడ్నిసోన్ ఒంటరిగానైనా, నిరోధక శక్తిని అణచే మందు అజాథయోప్రిన్‌తో కలిపైనా పనిచేస్తుంది గానీ, మండుతున్న వాపును అజాథయోప్రిన్ ఒక్కటే చల్లార్చలేదు. హెపటైటిస్ సి వైరస్‌ను 1989 దాకా ఎవరూ గుర్తించలేదు కాబట్టి ఆనాటి రోగుల్లో కొందరిది వైరస్ జబ్బే అయి ఉండవచ్చు. అయినా ఆ అధ్యయనాల నుంచి వచ్చిన పద్ధతి యాభై ఏళ్లు దాటినా పెద్దగా మారలేదు. ఇది ఆ పద్ధతి బలమా, ఆ తర్వాత పరిశోధన ఈ అరుదైన వ్యాధిని పక్కనపెట్టిన ఫలితమా అంటే, రెండూ నిజమే.

కాలేయం సహజంగా ఓర్పున్న అవయవం. పేగుల నుంచి పోర్టల్ సిర మోసుకొచ్చే ఆహారపు తునకలు, సూక్ష్మజీవుల శకలాలు క్షణం తీరిక లేకుండా దాని గుండా పోతుంటాయి. కనిపించిన ప్రతి పరాయి పదార్థం మీదా నిరోధక కణాలు విరుచుకుపడితే కాలేయం ఒక్కరోజు నిలవదు. కాబట్టి అక్కడ వాటిని అదుపులో ఉంచే ఏర్పాటు గట్టిగా ఉంటుంది. నియంత్రక టి కణాలు అందులో ముఖ్యమైనవి. ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో సడలేది ఈ అదుపే. దాడికి దిగిన టి కణాలు కాలేయ కణాలను చంపుతాయి, బి కణాలను రెచ్చగొట్టి యాంటీబాడీలు, వాటిలోనూ ఐజీజీ అనే రకం, అతిగా తయారయ్యేలా చేస్తాయి. ఇది ఎవరిలో మొదలవుతుందన్నది కొంత పుట్టుకతో వచ్చే జన్యువుల మీద, ముఖ్యంగా హెచ్‌ఎల్‌ఏ రకాల మీద ఆధారపడుతుంది. అంతమాత్రాన తల్లికి ఉంటే బిడ్డకు వచ్చి తీరుతుందని కాదు. వైరస్ జ్వరమో, ఏదైనా మందో నిప్పురవ్వలా పనిచేయవచ్చు. చాలామందిలో ఆ రవ్వ ఏమిటో దొరకదు. రోగుల్లో ఎక్కువమంది స్త్రీలు. థైరాయిడ్ జబ్బు, బొల్లి, టైప్ 1 మధుమేహం, పెద్దపేగు పుండ్ల వ్యాధి లాంటివి అదే మనిషిలోనో, ఆ కుటుంబంలోనో ఉండటం తరచూ కనిపిస్తుంది.

లక్షణాలు ఒక్క తీరుగా ఉండవు. కొందరికి ఏ బాధా ఉండదు. వేరే పని మీద చేయించుకున్న రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే కాలేయ ఎంజైములు పెరిగి కనిపిస్తాయి. ఎక్కువమందికి తగ్గని నీరసం, కీళ్ల నొప్పులు, ఆకలి మందగించడం ఉంటాయి. సుమారు నాలుగో వంతు మందిలో వ్యాధి ఉన్నట్టుండి కామెర్లతో, అచ్చం వైరస్ హెపటైటిస్‌లా మొదలవుతుంది. వ్యాధిని కనుక్కునే నాటికే మూడో వంతు మందిలో సిర్రోసిస్ వచ్చేసి ఉంటుంది. అంటే అది ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా నడిచిందన్నమాట.

ఈ వ్యాధి తనంతట తాను తగ్గుతుంది, మళ్లీ తిరగబెడుతుంది. తెలుగునాట కామెర్లు కనిపిస్తే పసరు మందుకు పోవడం మామూలు. వైరస్ వల్ల వచ్చే హెపటైటిస్ ఏ, ఈ కామెర్లు ఎలాగూ కొన్ని వారాల్లో తగ్గుతాయి కాబట్టి పసరుకు మంచి పేరు వచ్చింది. ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లోనూ మొదటి విడత కామెర్లు కొన్నాళ్లకు తగ్గిపోవచ్చు. కళ్లు తెల్లబడతాయి, మందు పనిచేసిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. లోపల వాపు మాత్రం సాగుతూనే ఉంటుంది. రెండోసారో మూడోసారో కామెర్లతో పాటు పొట్టలో నీరు చేరినప్పుడు ఆసుపత్రికి వస్తారు. కామెర్లు ఆరు నెలల్లో రెండోసారి వచ్చినా, కామెర్లు పోయాక కూడా ఎంజైములు మామూలు స్థాయికి దిగకపోయినా, అది సాదా వైరస్ కామెర్లు కాదని అనుమానించాలి.

ఇంకో అడ్డంకి సమాజంలో ఉంది. కాలేయం చెడిందంటే తాగుడేనన్న అభిప్రాయం మన ఊళ్లలో ఎంత బలంగా నాటుకుందంటే, చుక్క ముట్టని గృహిణి తన జబ్బు పేరు బంధువులకు చెప్పడానికి సంకోచిస్తుంది. పెళ్లి కావలసిన అమ్మాయి అయితే ఇంట్లోవాళ్లే దాచమంటారు. ఇలా దాచినచోట మందులు మానేయడం సులువు.

నిర్ధారణకు ఒకే ఒక్క పరీక్ష అంటూ లేదు. కొన్ని ఆనవాళ్లు కలిసి రావాలి, ఇతర కారణాలు తొలగిపోవాలి. ఎంజైములు పెరగడం మొదటి ఆనవాలు. రక్తంలో ఐజీజీ పెరగడం రెండోది. అయితే ఉన్నట్టుండి తీవ్రంగా మొదలైనవారిలో ఐజీజీ మామూలుగానే ఉండొచ్చు. మూడోది యాంటీబాడీలు. ఏఎన్‌ఏ అనే యాంటీబాడీ లేదా స్మూత్ మజిల్ యాంటీబాడీ ఉన్నది టైప్ 1, అన్ని వయసుల్లోనూ వచ్చేది. ఎల్‌కేఎం-1 లేదా ఎల్‌సీ-1 యాంటీబాడీ ఉన్నది టైప్ 2, ఎక్కువగా పిల్లల్లో, అందులోనూ ఆడపిల్లల్లో కనిపించేది. ఎల్‌కేఎం-1 గురిపెట్టే లక్ష్యం సీవైపీ2డీ6 అనే ఎంజైము. మనం మింగే ఎన్నో మందులను కాలేయంలో విడగొట్టేది అదే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఏఎన్‌ఏ పాజిటివ్ అని రాసిన కాగితం ఒక్కటే చూపించి వ్యాధి ఉందనడం తప్పు. ఆరోగ్యవంతుల్లో కొందరికీ, కొవ్వు పట్టిన కాలేయం ఉన్నవారిలో చాలామందికీ తక్కువ మోతాదులో అది కనిపిస్తుంది. ఆ కాగితాన్ని నమ్మి మధుమేహం, ఊబకాయం ఉన్న మనిషికి స్టెరాయిడ్లు మొదలుపెడితే ఉన్న కొవ్వు కాలేయం మరింత ముదురుతుంది. యాంటీబాడీలు ఏవీ దొరకకపోయినా వ్యాధి లేదనడానికి వీల్లేదు.

తొలగించాల్సిన కారణాల్లో హెపటైటిస్ బి, సి ముందు వరుసలో ఉంటాయి. మొదటి విడత కామెర్లయితే ఏ, ఈ కూడా చూడాలి. చిన్న వయసువారిలో విల్సన్ వ్యాధిని తప్పక చూడాలి. రాగి కాలేయంలో, మెదడులో పేరుకుపోయే ఈ జబ్బు తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వస్తుంది. కాబట్టి మేనరికాలు ఎక్కువగా ఉన్న తెలుగు ప్రాంతాల్లో దీన్ని మరవడానికి వీల్లేదు. విల్సన్ రోగుల్లోనూ కొందరికి యాంటీబాడీలు, ఐజీజీ పెరిగి కనిపిస్తాయి. రక్తంలో సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్, మూత్రంలో రాగి, కంటి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం చూస్తే తేడా తెలుస్తుంది. పొరబడి స్టెరాయిడ్లు ఇస్తే అసలు మందుకు దక్కాల్సిన సమయం పోతుంది.

మందులు తెచ్చిపెట్టే హెపటైటిస్ కూడా అచ్చం ఈ రూపంలోనే రావచ్చు. మొటిమలకు వాడే మినోసైక్లిన్, మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు ఇచ్చే నైట్రోఫ్యూరాంటాయిన్ ఇందుకు పేరుమోసినవి. కోవిడ్ కాలంలో ఈ జాబితాలోకి తిప్పతీగ చేరింది. రోగనిరోధక శక్తి పెరుగుతుందని ఇంటింటా కషాయాలు, మాత్రలు వాడిన రోజుల్లో కాలేయం దెబ్బతిన్నవారిని గురించి 2021లో ముంబయి వైద్యులు, 2022లో దేశవ్యాప్తంగా 13 కేంద్రాల నుంచి 43 మంది రోగుల వివరాలతో మరో బృందం వ్యాసాలు ప్రచురించారు. కొందరి కాలేయపు తీరు ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలి ఉంది. అప్పటిదాకా బయటపడని వ్యాధిని ఆ మందు రెచ్చగొట్టిందేమోనన్న వాదనా వచ్చింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ తిప్పతీగకు ఈ దోషం అంటగట్టడాన్ని ఒప్పుకోలేదు. వివాదం ఎలా ఉన్నా ఒకటి స్పష్టం: నిరోధక వ్యవస్థ అతిగా పనిచేయడమే జబ్బైనవారికి, దాన్ని ఇంకా రెచ్చగొట్టే మందు ఏ వైద్య విధానానిదైనా తగదు. వైద్యుడు అడిగినప్పుడు కషాయాలు, చూర్ణాలు, జిమ్ పొడులు కూడా మందుల లెక్కలోకే వస్తాయని రోగి గుర్తుంచుకోవాలి.

చివరి మాట చెప్పేది బయాప్సీ, జనం ముక్క పరీక్ష అనేది. అల్ట్రాసౌండ్ చూస్తూ పక్కటెముకల మధ్య నుంచి సూదితో సన్నని కాలేయపు ముక్కను తీస్తారు. రక్తం గడ్డకట్టే గుణం తగ్గినవారికి, పొట్టలో నీరున్నవారికి మెడలోని సిర గుండా తీస్తారు. పోర్టల్ భాగం సరిహద్దు దాటి కాలేయ కణాల్లోకి చొచ్చుకువచ్చిన వాపు, అందులో గుంపులుగా ప్లాస్మా కణాలు కనిపిస్తే అది ఈ వ్యాధి తీరే. మచ్చ ఎంత పడిందో కూడా అదే చెబుతుంది. 2008లో అంతర్జాతీయ నిపుణుల బృందం రూపొందించిన సులువు లెక్కలో యాంటీబాడీలకు, ఐజీజీకి, బయాప్సీకి, వైరస్ లేకపోవడానికి గరిష్ఠంగా రెండేసి మార్కులు. ఆరు వస్తే వ్యాధి ఉండే అవకాశం ఎక్కువ, ఏడు లేదా ఎనిమిది వస్తే ఉన్నట్టే. లెక్క సాయం చేస్తుంది గానీ వైద్యుడి వివేచనకు బదులు కాదు.

చికిత్స మొదలుపెట్టే ముందు కొన్ని పనులుంటాయి. లోపల నిద్రాణంగా ఉన్న హెపటైటిస్ బి స్టెరాయిడ్లతో మేల్కొంటుంది. పాత క్షయ కూడా అంతే. మన దేశంలో ఈ రెండూ తక్కువేమీ కాదు కాబట్టి ముందే పరీక్షించాలి. చక్కెర, రక్తపోటు, ఎముకల గట్టిదనం చూసుకోవాలి. వేయాల్సిన టీకాలు వీలైతే ముందే వేయాలి. నిరోధక శక్తిని అణచే మందులు మొదలయ్యాక బతికున్న క్రిములతో చేసిన టీకాలు పనికిరావు.

మొదటి మందు ప్రెడ్నిసొలోన్. సాధారణంగా రోజుకు శరీర బరువులో కిలోకు అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము దాకా మొదలుపెట్టి, ఎంజైములు దిగుతున్న కొద్దీ వారాల లెక్కన తగ్గిస్తారు. నాలుగు వారాల్లో ఎంజైములు కనీసం సగానికి దిగాలి. దిగకపోతే నిర్ధారణనే మరోసారి ప్రశ్నించుకోవాలి. సుమారు రెండు వారాలకు అజాథయోప్రిన్‌ను రోజుకు 50 మిల్లీగ్రాములతో చేర్చి, కిలోకు ఒకటి రెండు మిల్లీగ్రాముల దాకా పెంచుతారు. మంట ఆర్పేది స్టెరాయిడ్, మళ్లీ రాజుకోకుండా కాపలా కాసేది అజాథయోప్రిన్. సిర్రోసిస్ లేనివారికి ప్రెడ్నిసొలోన్‌కు బదులు బ్యుడెసొనైడ్ ఇవ్వవచ్చు. అది కాలేయంలోనే చాలావరకు విరిగిపోతుంది కాబట్టి ఒంటి మీద దుష్ప్రభావాలు తక్కువ. సిర్రోసిస్ ఉంటే రక్తం కాలేయాన్ని తప్పించుకుని పక్కదారుల్లో పోతుంది గనుక అది వాడకూడదు.

అజాథయోప్రిన్ కొందరిలో తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. పాశ్చాత్య పుస్తకాలు దీనికి టీపీఎంటీ అనే జన్యువు పరీక్ష చెబుతాయి. భారతీయుల్లో, మొత్తంగా ఆసియా ప్రజల్లో, ఎన్‌యూడీటీ15 అనే మరో జన్యువులోని తేడా అంతకంటే ముఖ్యమని గత దశాబ్ద కాలంలో తేలింది. పరీక్ష అందుబాటులో ఉంటే మంచిదే. లేకున్నా తొలి వారాల్లో రక్తకణాల లెక్క తరచూ చూస్తే ప్రమాదం తప్పుతుంది. ఈ మందు వాడుతున్నవారికి యూరిక్ యాసిడ్ కోసమని అల్లోప్యూరినాల్ కలిపితే రక్తకణాలు కుప్పకూలుతాయి. ఒక డాక్టరు రాసిన మందు మరో డాక్టరుకు తెలియకపోతే జరిగేది ఇదే. చీటీలన్నీ ఒకే సంచిలో ఉంచుకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు.

స్టెరాయిడ్లంటే జనానికి భయం, అది నిరాధారమూ కాదు. ముఖం గుండ్రబడుతుంది, మొటిమలు వస్తాయి, బరువు, చక్కెర పెరుగుతాయి, ఎముకలు పలచబడతాయి, కళ్లలో శుక్లాలు రావచ్చు. యువతులు మందు మానేయడానికి ముఖంలో వచ్చే మార్పే పెద్ద కారణం. ఇది మోతాదుతో పాటు తగ్గుతుందని మొదటి రోజే చెప్పినవారు మానరు. కాల్షియం, విటమిన్ డి, నడక ఎముకలకు అండ. ఒక్కసారిగా ఆపడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. బయటి నుంచి స్టెరాయిడ్ అందినన్నాళ్లూ శరీరం సొంతంగా తయారు చేసుకోవడం తగ్గించుకుంటుంది కాబట్టి, హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కాలేయపు వాపు తిరగబెట్టడం రెండో ముప్పు.

లక్ష్యం ఎంజైములు, ఐజీజీ రెండూ పూర్తిగా మామూలు స్థాయికి రావడం. ఆరు నెలల్లోగా ఇది సాధ్యమైతే చికిత్సకు పూర్తి స్పందన వచ్చినట్టని 2022లో నిపుణులు ఒక అంగీకారానికి వచ్చారు. కొద్దిగా పెరిగి ఉన్నా పర్వాలేదన్న పాత ధోరణి ఇప్పుడు చెల్లదు. ఆ కొద్ది పెరుగుదల వెనకే మచ్చ పెరుగుతూ పోతుంది. అలాగని ఎంజైములు మామూలయ్యాయంటే లోపలి వాపు అదే రోజు పోయిందని కాదు. కణజాలం కోలుకోవడానికి ఇంకా నెలలు పడుతుంది. అందుకే కనీసం మూడేళ్లు చికిత్స, అందులో రెండేళ్లు పరీక్షలన్నీ మామూలుగా ఉన్నాకే మందు ఆపే ఆలోచన చేస్తారు. ఆపినా సగం నుంచి తొంభై శాతం దాకా రోగుల్లో, ఎక్కువగా మొదటి ఏడాదిలోనే, వ్యాధి తిరగబెడుతుంది. తిరగబెట్టిన ప్రతిసారీ కాలేయం కొంత నష్టపోతుంది. సిర్రోసిస్ ఉన్నవారికీ, ఒకసారి తిరగబెట్టినవారికీ తక్కువ మోతాదు మందు జీవితాంతం ఉండటమే మేలు. మధుమేహానికి, రక్తపోటుకు ఏళ్ల తరబడి మాత్ర వేసుకునేవారు ఈ మాత్రకు మాత్రం వెనకాడటం వింతే.

మందుకు లొంగనట్టు కనిపించినప్పుడు మొదట అడగాల్సింది, మాత్రలు నిజంగా వేసుకుంటున్నారా అన్నది. నిందలేకుండా అడిగితేనే నిజం బయటికి వస్తుంది. అజాథయోప్రిన్ పడనివారికి మైకోఫినలేట్ ఉంది. అది మొదటి వరుసలోనే అజాథయోప్రిన్ కంటే మెరుగ్గా పనిచేస్తుందని 2024లో నెదర్లాండ్స్ బృందం నడిపిన అధ్యయనం చూపింది. అదీ చాలకపోతే టాక్రోలిమస్, రిటుక్సిమాబ్ వంటివి అనుభవమున్న కేంద్రాల్లో వాడతారు.

పిల్లల్ని కనే వయసు స్త్రీలలో ఈ వ్యాధి ఎక్కువ కాబట్టి గర్భం గురించి విడిగా చెప్పుకోవాలి. వ్యాధి కనీసం ఏడాదిగా అదుపులో ఉంటే గర్భం చాలావరకు క్షేమంగా సాగుతుంది. ప్రెడ్నిసొలోన్, అజాథయోప్రిన్ కొనసాగించవచ్చు, పాలు కూడా ఇవ్వవచ్చు. కడుపులో బిడ్డకు హాని అని ఇంట్లో పెద్దలు మాన్పించే మందులు సరిగ్గా ఇవే. నిజంగా హాని చేసేది మైకోఫినలేట్. అది పిండంలో పుట్టుక లోపాలు తెస్తుంది. గర్భం కోసం ప్రయత్నించే ముందు కనీసం ఆరు వారాలు దాన్ని ఆపి, మందు మార్చుకోవాలి. గర్భకాలంలో వ్యాధి తరచూ నెమ్మదిస్తుంది, కాన్పు తర్వాతి నెలల్లో తిరగబెడుతుంది. బాలింత నీరసం అని తేలిగ్గా తీసుకునే రోజులవి. ఆ ఆరు నెలలూ కాలేయ పరీక్ష తరచూ చేయించాలి.

పిల్లల్లో వ్యాధి పెద్దవారికంటే ఉధృతం. పిత్తనాళాల వాపు కూడా కలిసి ఉండొచ్చు కాబట్టి ఎమ్మార్ స్కాన్ అవసరమవుతుంది. టైప్ 2లో మందు ఆపగలగడం అరుదు.

ఆటోఇమ్యూన్ కాలేయ వ్యాధుల కుటుంబంలోని మిగతా రెండు జబ్బుల దారి వేరు. కాలేయం లోపలి సన్నని పిత్తనాళాలను నాశనం చేసేది ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్. నడివయసు స్త్రీలలో ఎడతెగని దురద, నీరసం దాని గుర్తులు. తొంభై శాతానికి పైగా రోగుల్లో మైటోకాండ్రియా మీద గురిపెట్టే యాంటీబాడీ ఉంటుంది. దానికి స్టెరాయిడ్లు కాదు, కిలోకు 13 నుంచి 15 మిల్లీగ్రాముల అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం మందు. సిర్రోసిస్ అన్న మాట ఈ జబ్బు పాత పేరులో ఉండి రోగులను అనవసరంగా బెదరగొట్టేది. 2015లో దాన్ని తీసేశారు. పెద్ద పిత్తనాళాలను ఇరుకు చేసే ప్రైమరీ స్క్లీరోజింగ్ కొలాంజైటిస్ పురుషుల్లో ఎక్కువ, పెద్దపేగు పుండ్ల వ్యాధితో జతకడుతుంది, పిత్తనాళ క్యాన్సర్ ముప్పు తెస్తుంది. దాని గమనాన్ని ఆపే మందు ఇంకా రాలేదు. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ లక్షణాలు ఈ రెండింటిలో ఒకదానితో కలిసి వచ్చే రోగులూ ఉంటారు. స్టెరాయిడ్లతో ఎస్‌జీపీటీ తగ్గినా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము తగ్గకపోతే ఆ కలయికను వెతకాలి.

సిర్రోసిస్ ఉన్నవారికి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేసి కాలేయ క్యాన్సర్ కోసం చూస్తారు. అన్నవాహికలో ఉబ్బిన సిరలు ఉన్నాయేమో ఎండోస్కోపీతో చూసి, రక్తపు వాంతులు కాకముందే జాగ్రత్త పడతారు. మద్యం పూర్తిగా మానాలి. ఉప్పు తగ్గించాల్సింది పొట్టలో నీరు చేరినవారు. పప్పు, గుడ్డు, పెరుగు, మాంసం మానిపించే పథ్యం మాత్రం చెడు చేస్తుంది. సిర్రోసిస్ రోగికి కండరాలు కరిగిపోవడమే పెద్ద బెడద, ప్రొటీన్ తగ్గిస్తే అది ఇంకా పెరుగుతుంది.

వ్యాధి ఉన్నట్టుండి విరుచుకుపడి స్పృహ తప్పే స్థితికి చేరినవారికి, సిర్రోసిస్ ముదిరి మందులకు అందనివారికి మిగిలే దారి కాలేయ మార్పిడి. స్టెరాయిడ్లకు స్పందన వస్తుందేమోనని తీవ్ర స్థితిలో వారాల తరబడి ఎదురుచూడకూడదు. ఒకటి రెండు వారాల్లో కామెర్లు తెచ్చే బిలిరుబిన్ దిగకపోతే మార్పిడి కేంద్రానికి చేర్చాలి. ఆలస్యమైతే ఇన్ఫెక్షన్లు ముంచుకొచ్చి ఆ దారీ మూసుకుపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో మరణించిన దాతల అవయవాలను జీవన్‌దాన్ పథకం ద్వారా కేటాయిస్తారు. బతికున్న బంధువు తన కాలేయంలో కొంత భాగం ఇవ్వడం మన దేశంలో అంతకంటే ఎక్కువగా జరుగుతోంది. కొత్త కాలేయంలోనూ కొందరికి అదే వ్యాధి తిరిగి వస్తుంది. కాబట్టి మార్పిడి తర్వాత ఎంజైములు పెరిగితే శరీరం ఆ కాలేయాన్ని తిరస్కరిస్తోందా, పాత జబ్బు తిరిగొచ్చిందా అన్నది మళ్లీ ముక్క పరీక్షతోనే తేల్చాల్సి ఉంటుంది.